రెండో ముద్రణలో లేని పేరు

బెల్లంపల్లి, ఆదిలాబాద్ జిల్లా
(ఇప్పుడు మంచిర్యాల జిల్లా అని రాయాలట. పోస్ట్‌మ్యాన్‌కు నేను తెలుసు, నాకు ఆదిలాబాద్ తెలుసు.)
మార్చి మొదటివారం

చి. స్పందనకు తాత ఆశీస్సులు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు అంటావు. గనిలో బ్లాస్టింగులకు నా చెవులు సగం పోయాయి. మిగిలిన సగంతో విన్నదాన్ని రేపు ఎవడూ ఒప్పుకోడు. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి.

మా చెల్లె పోశవ్వ, అదే మీ నాయనమ్మ, పొలంలో మోటరు కాలిపోయింది. దాన్ని కాపాడాల్సిన పెట్టె మీ కంపెనీదే. శివరాత్రికి సుల్తానాబాద్ పోయినప్పుడు దాన్ని నా చేతులతో బిగించాను. మీ కంపెనీ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. చదివినవాణ్ని నేనొక్కణ్నేనని ఇప్పుడు తెలుస్తోంది. బోరులో నీళ్లు అందకపోతే మోటరు ఉత్తగా తిరిగి కాలుతుంది కాబట్టి, కొన్ని సెకన్లలో దాన్ని ఆపేయమని పెట్టెకు చెప్పాలి. పెట్టెలో ఉండే చిన్న మెమరీ కార్డులో 'డ్రై-రన్-డిలే' అని రాసి, పక్కన సెకన్లు వేయమంది పుస్తకం. అలాగే వేశాను. గనిలో అంతంత మోటర్లకు కాపలా కాసినవాణ్ని, ఒక బోరు మోటరుకు కాయలేనా?

ఒక రాత్రి బోరులో నీళ్లు దిగిపోయాయి, కాసేపు ఆగితే మళ్లీ ఊరేవే. పెట్టె పలకలేదు. మోటరు రాత్రంతా గాలిని తోడి, పొద్దున వాసన వచ్చింది.

డీలరు దుకాణంలో అంజి అని మెకానిక్ ఉన్నాడు. పుస్తకం కవరు కూడా చించడు. మొదట్లో మీ కంపెనీ కుర్రాడెవరో ఇచ్చిన కార్డునే అందరి పెట్టెల్లోకీ కాపీ కొడతాడు. అందులో ఏముందని అడిగితే "నాకేం ఎర్క, నడుస్తుంది గద" అంటాడు. వాడు పెట్టిన పెట్టె ఒక్కటీ తప్పలేదు. నలుగురిలో నాతో అన్నాడు: "పెద్దయ్యా, సదువుకున్నోళ్ల మోటర్లే కాలుతున్నయంటే జర ఆలోచన చెయ్యాలె."

మీ నాయనమ్మ వాడి కంటే నయం, నవ్వలేదు. "అన్నా, పొలం పొట్టకొచ్చింది. గా పుస్తకం అవుతల పెట్టు, అంజిగాన్ని పిలుస్త" అంది. కంపెనీ మోటరు మార్చి ఇవ్వకపోతే ఆ వరి గింజ పట్టదు. ఇచ్చేది మీ కంపెనీ, అక్కడ ఉన్నది నువ్వు. నేను రాసింది తప్పా, వాళ్లు రాసింది తప్పా, తేల్చు.

తాత


కరీంనగర్
మార్చి 14

తాతకు నమస్కారం.

తేల్చాను. తప్పు నీది కాదు.

పెట్టెలో డ్రైవర్ అని ఒక ప్రోగ్రాం ఉంటుంది. కార్డు మీద నువ్వు రాసిన మాటలను చదివి మోటరును నడిపేది అదే. దాన్ని రాసింది సిద్ధు అన్న. ఆయన ఉద్యోగం మారి హైదరాబాద్ పోయాడు. పుస్తకం రాసింది జ్యోతిరాణి మేడం. ఒకరి బల్ల మీది నుంచి ఇంకొకరికి చాయ్ అందించేంత దగ్గరగా కూర్చునేవాళ్లు. ఒకే సంగతికి ఆమె పుస్తకంలో 'డ్రై-రన్-డిలే' అని పేరు పెట్టింది, ఆయన డ్రైవర్‌లో 'నో-లోడ్-ట్రిప్' అని పెట్టాడు. ఆయన పుస్తకం చదవలేదు, ఆమె డ్రైవర్ చూడలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన మొదటి మనిషిని నేనే అనుకుంటా. అది కూడా నీ ఉత్తరం వచ్చాక.

డ్రైవర్ తనకు తెలిసిన పేరు కోసం వెతుకుతుంది. కనబడకపోతే అరవదు, ఆగదు. ఆ కాపలా అసలు అక్కర్లేదని అనుకుని తన పని చేసుకుంటుంది. నువ్వు రాసిన పేరును అది చూడనే లేదు. అంజి దగ్గరున్నది సిద్ధు అన్న ఇచ్చిన కార్డు, అందుకే నడుస్తోంది. మా పుస్తకం నమ్మినవాళ్లకు మాత్రమే మోటరు కాలుతుంది.

లింగమూర్తి సార్‌కు, అంటే మా ఓనర్‌కు, చెప్పాను. "సరిచేద్దాం" అన్నారు. నాయనమ్మకు ధైర్యం చెప్పు.

స్పందన


బెల్లంపల్లి
మార్చి 20

చి. స్పందనకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి, అయిదోసారి గట్టిగా చదివాను. వినడానికి ఎవరూ లేరు. కాలనీ లైబ్రరీని తీసేసి వాటర్ ప్లాంటు పెట్టారు. చదువుకునేవాళ్లం కూర్చున్న చోట ఇప్పుడు డబ్బాలు వరుసలో కూర్చుంటున్నాయి.

మీ సార్ సరిచేస్తే చాలదు. తప్పు కంపెనీదని కాగితం మీద రాసి ఇవ్వాలి. దాన్ని అంజి ముందర, డీలరు ముందర, ఆ రోజు నవ్విన ప్రతివాడి ముందర నేను చదవాలి. అందుకని కంపెనీకి ఫిర్యాదు కూడా పంపాను, ఓంప్రకాశ్ అనే పేరుతో. ఆధార్‌లో, పింఛనులో, ఫోనులో నేను ఓంప్రకాశ్‌నే గదా. ఊళ్లో అందరూ పిలిచే రాయమల్లు పేరు మీద నాకొక్క కాగితం లేదు.

పొలానికి పక్కవాళ్ల బోరు నుంచి వంతుల మీద నీళ్లు పెడుతోంది మీ నాయనమ్మ. వాళ్లకు మిగిలితేనే వంతు. కింది మడి తడుస్తోంది, పైనున్న మీది మడి పగులుతోంది. మీ సార్‌ను తొందర చెయ్యి.

తాత


కరీంనగర్
ఏప్రిల్ 9

శ్రీమతి పోశవ్వ గారికి,

విషయం: మోటరు రక్షణ పెట్టె గురించిన ఫిర్యాదు.

మీ తరఫున శ్రీ ఓంప్రకాశ్ అనే వ్యక్తి పంపిన ఫిర్యాదు అందినది. సదరు వ్యక్తి మీకు ఏమగుదురో మా రికార్డులలో లేదు. అయినను వినియోగదారుల పట్ల మాకు గల గౌరవము చేత పరిశీలించితిమి.

మీ కార్డు నందు వ్రాయబడిన 'డ్రై-రన్-డిలే' అను పేరు మా మాన్యువల్ (రెండవ ముద్రణ) నందు ఎక్కడను లేదు. సరియైన పేరు 'నో-లోడ్-ట్రిప్' అని అందులో స్పష్టముగా కలదు. మాన్యువల్‌ను చదవకుండా పెట్టెను బిగించుట వలన కలిగిన నష్టమునకు కంపెనీ బాధ్యత వహించదు. ఇకపై శిక్షణ పొందిన మెకానిక్ సేవలు పొందగలరు. మీ సమీప మెకానిక్: అంజి.

రెండవ ముద్రణ ప్రతి ఒకటి ఉచితముగా జతపరచడమైనది.

ఇట్లు,
లింగమూర్తి, ప్రొప్రైటర్


బెల్లంపల్లి
ఏప్రిల్ 16

చి. స్పందనకు,

మీ సార్ పంపిన దాని నకలు జతచేశాను. తీరిగ్గా చదువు, ఇలాంటి రచన రోజూ దొరకదు.

మోటరు కాలింది మార్చిలో. రెండో ముద్రణ పుట్టింది ఏప్రిల్‌లో. ఇంకా అచ్చు కాని పుస్తకాన్ని నేను చదవలేదట. నా బతుకులో నన్ను చాలామంది చాలా అన్నారు. చదవలేదు అన్నవాడు మాత్రం ఇతనే మొదలు.

తెలివి చూశావా? యంత్రం తప్పు చేసిందని ఒప్పుకోలేదు. పుస్తకం తప్పని కూడా అనలేదు. పుస్తకాన్ని యంత్రం పక్కకు జరిపి, మధ్యలో నన్ను నిలబెట్టాడు. నేను మొదటి ముద్రణ చేతిలో పట్టుకుని డీలరు దుకాణానికి పోతే అంజి రెండో ముద్రణ తీసి బల్ల మీద పెట్టాడు. కవరు చించలేదు. కవరు లోపలి నుంచే వెనక అట్ట మీది మెకానిక్‌ల పేర్లు చూపించాడు. "ఇగో పెద్దయ్యా, కంపెనోళ్లే రాసిండ్రు, నా పేరు సుత ఉన్నది."

మీది మడి పోయింది. మీ నాయనమ్మ దాన్ని కోసి బర్లకు వేసింది. "అన్నా, తిన్నవా" అని అడిగింది, అంతే.

ఒక్కటి చెప్పు. రెండో ముద్రణ దిద్దింది ఎవరు?

తాత


కరీంనగర్
ఏప్రిల్ 24

తాతకు,

నేనే.

ముందే చెప్పాల్సింది. మొదటి ఉత్తరం రాసేటప్పటికే సార్ ఆ పని నాకు ఇచ్చారు. సరిచేద్దాం అంటే డ్రైవర్‌ను సరిచేయడం అనుకున్నాను. "పిచ్చిదానా, ఊళ్లల్ల నడుస్తున్న పెట్టెలన్నీ డ్రైవర్ పేరుతోనే నడుస్తున్నయ్. వాటిని ముట్టుకుంటే అన్నీ ఆగిపోతయ్. కాగితం మారిస్తె ఎవనికి నొప్పి?" అన్నారు. అది ఉత్త మాట కాదు తాత, మా పనిలో నియమమే అది. నడుస్తున్నదాన్ని చెడగొట్టకూడదు. పుస్తకమూ యంత్రమూ కొట్లాడుకుంటే సాధారణంగా పుస్తకమే తలవంచుతుంది. అందుకే దిద్దాను. పాత పేరు తీసేసి కొత్తది పెట్టాను. అంత చిన్న మార్పు. దాన్ని నీ మీదికి ఇట్లా వాడతారని అనుకోలేదు.

ఇంకో సంగతి ఉంది. ఆ డ్రైవర్ మా ఒక్క కంపెనీది కాదు. ప్రపంచమంతా పంచుకునే ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌లో అదొక ముక్క. పుస్తకం అసలు ప్రతి కూడా అక్కడే ఉంటుంది. దిద్దాలంటే అక్కడి పెద్దలకు మెయిల్ పంపాలి, అందరూ చూసేటట్టు. వాళ్లు ప్రశ్నలు అడుగుతారు, మనం జవాబులు రాస్తాం, ఒప్పుకుంటే చేర్చుకుంటారు. సార్ అప్పటిదాకా ఆగకుండా ఇక్కడ అచ్చు వేయించారు. అక్కడ ఇంకా ఒప్పుకోలేదు.

కోపం ఉంటే తిట్టు. మౌనంగా ఉండకు.

స్పందన


బెల్లంపల్లి
మే 2

స్పందన గారికి,

మీ ఉత్తరం అందింది.

ఉత్తరాలతో నడిచే పని లోకంలో ఇంకా ఒకటుందని తెలిసి సంతోషించాను. అందులో మీరున్నందుకు ఎంత సంతోషించాలో ఇంకా తేల్చుకోలేదు.

మీ డ్రైవర్ గుణం నాకు కొత్త కాదు. చెబుతాను, మీ ఇంట్లో ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. నేను గని పనికి వచ్చిన రోజుల్లో హిందీ దేశం నుంచి వచ్చిన ఓంప్రకాశ్ అనే అతను నౌకరి వచ్చాక భయపడి పారిపోయాడు. మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, అతని పేరు ఉంది, మనిషి లేడు. నేను ఉన్నాను, పేరు లేదు. ఆ పేరుకు నేను పలికాను. నేనొక్కణ్నే కాదు, బొగ్గు బావుల్లో సగం మంది మారుపేర్లతోనే దిగారు. దిగువ దాకా పోయాక ఎవడి మొఖమైనా నల్లగానే ఉంటుంది, ఎవరూ అడగలేదు. నన్ను కన్న అవ్వ చనిపోతే సెలవు పెట్టాను. ఓంప్రకాశ్ అవ్వ ఎప్పుడో చనిపోయినట్టు రాసి ఉందని ఇవ్వలేదు.

నా కొడుకు, మీ రాంచందర్ మామ, వాడి బడి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు రాయమల్లు. చిన్నప్పుడు ఊళ్లో బడికి పోయాడు, మీ నాయనమ్మ చేర్పించింది, తెలిసిన పేరు చెప్పింది. నా ఆరోగ్యం పోయి, గని నియమం ప్రకారం నా నౌకరి వాడికి రావాల్సినప్పుడు, ఓంప్రకాశ్‌కు రాంచందర్ అనే కొడుకు ఉన్నాడా అని వెతికారు. కనబడలేదు. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. కొడుకే లేనట్టు ఫైలు ముందుకు పోయింది. వాడిప్పుడు మంచిర్యాలలో ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. నాతో బాగానే మాట్లాడతాడు. నౌకరి సంగతి మాట్లాడడు.

నేను పనిచేసింది అబద్ధం కాదు. వాడు నా కొడుకన్నదీ అబద్ధం కాదు. రెండు కాగితాల్లో రెండు పేర్లున్నాయి, అంతే. ఎవడైనా ఒక్కడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే అయిపోయేది. మీరు చూశారు. చూసి, నేను నమ్మిన పేరును కొట్టేశారు.

నడుస్తున్నదాన్ని చెడగొట్టకూడదన్నది మంచి నియమమే. నా మోటరు కూడా నడుస్తూనే ఉండేది.

ఓంప్రకాశ్


కరీంనగర్
మే 25

తాతకు,

గారు అన్నావు, ఓంప్రకాశ్ అని సంతకం పెట్టావు. రెండూ తగిలాయి.

జరిగింది చెబుతాను. అక్కడి పెద్దల్లో ఒకాయన, ఏ దేశమో నాకు తెలియదు, పుస్తకం మార్పు మీద ఒక ప్రశ్న అడిగాడు: "పాత పేరును మీరే ప్రకటించారు గదా, దాన్ని నమ్మి వాడుతున్నవాళ్లు ఉన్నారా?" సార్ తానే కూర్చుని జవాబు రాశారు, ఎవరూ లేరని. అది ప్రపంచమంతా చదివేచోట, ఆయన పేరుతో, కంపెనీ పేరుతో ఉంది.

మా నియమంలో రెండో సగం నేను నీకు చెప్పలేదు, నేనూ పట్టించుకోలేదు. ఒక పేరును లోకానికి ఒకసారి ఇచ్చాక, దాన్ని నమ్మినవాడు ఒక్కడున్నా తీసేయకూడదు. రెండు రోజులు ఆలోచించాను. తర్వాత దాని కిందే రాశాను: "ఒకరున్నారు. పుస్తకం ప్రకారమే రాశారు. మోటరు కాలిపోయింది."

సార్ నన్ను పిలిచి, "నీకు జీతం ఇచ్చేది ఎవలు, నేనా, గా దొరలా?" అన్నారు. మరుసటి రోజు నుంచి ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇప్పుడు రైతులు ఫోన్ చేస్తే మాట్లాడుతున్నాను. ఈ పని తక్కువదని ఆయన ఉద్దేశం. నీలాగా పుస్తకం చదివి మోటరు కాల్చుకున్నవాళ్లు ఇంకొందరు ఉన్నారని నాకు తెలిసింది ఇక్కడే. వాళ్ల ఊళ్లు కూడా అక్కడ రాశాను.

ఆ పెద్దాయన పుస్తకం ఒక్కటే మారిస్తే ఒప్పుకోనన్నాడు. డ్రైవర్ రెండు పేర్లకూ పలకాలన్నాడు. ముందు ఒక పేరు వెతకాలి, లేకపోతే రెండోది వెతకాలి, రెండూ లేకపోతే గట్టిగా చెప్పాలి. పుస్తకంలో పాత పేరు ఉంచాలి, పక్కన 'ఇది పాతది, కొత్తవాళ్లు వాడొద్దు' అని రాయాలి. ఆ మార్పు నేనే రాసి పంపాను.

మా పెట్టెలు కొనాలనుకుంటున్న హైదరాబాద్ కంపెనీవాళ్లు ఆ మెయిళ్లు చదివారట. ఆ సాయంత్రమే సార్ నాయనమ్మకు కొత్త మోటరు పంపారు. 'సద్భావనతో, ఎటువంటి బాధ్యతను అంగీకరించకుండా' అని చీటీ అంటించారు. నాయనమ్మ ఆ చీటీకి పసుపు రాసి బొట్టు పెట్టింది, గ్యారంటీ కార్డు అనుకుంది. కింది మడి గింజ పట్టిందట. మీది మడికి నేను ఆలస్యం చేశాను.

ఇప్పుడు ఒక్కటి తేల్చాలి. మా దగ్గర ప్రతి మార్పు కింద తప్పు చూపించినవాళ్ల పేరు రాస్తారు. ఒకసారి చేరితే ఎవరూ తీయలేరు. పేరు, దాని పక్కన మెయిల్ చిరునామా. నీది ఏ పేరు రాయాలి?

స్పందన


బెల్లంపల్లి
జూన్ 1

చి. స్పందనకు,

గారు తీసేశాను. చూసుకో.

'పాతది, కొత్తవాళ్లు వాడొద్దు.' ఇంత మర్యాదగా నన్ను గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. పింఛను ఆఫీసులో కూడా ఇలాంటి బోర్డు ఒకటి పెట్టించు.

మీ సార్ ఫోన్ల దగ్గర కూర్చోబెట్టాడని బాధపడకు. నన్ను ఒకసారి గని దీపాలు ఇచ్చే లాంప్ రూములో కూర్చోబెట్టారు, యూనియన్‌లో ఎక్కువ మాట్లాడానని. గనిలో ఎవడికి ఏ దీపం వెలగడం లేదో అక్కడే తెలిసింది.

పేరు సంగతి. గనిలో పనిచేసింది ఓంప్రకాశ్. అతనికి పింఛను వస్తోంది, అతని లెక్క తీరిపోయింది. పుస్తకం చదివింది రాయమల్లు. ఊళ్లో బడిలో అక్షరాలు నేర్చుకున్నది వాడే. రాయమల్లు అని రాయి.

మెయిల్ చిరునామా మాత్రం ఒక్కటే ఉంది. పింఛను కోసం మీసేవ కుర్రాడు ఓంప్రకాశ్ పేరుతో చేసి ఇచ్చాడు. పేరొకటి, చిరునామా ఇంకొకటి అని మళ్లీ వెనక్కి పంపుతారు. పంపితే వదిలెయ్. నాకు అలవాటే.

తాత


కరీంనగర్
జూన్ 20

తాతకు,

చేరింది. ఆ పేజీని ప్రింటు తీసి జతచేశాను. పైనంతా ఇంగ్లిషు, నీకు కష్టం కాదు. కింద నుంచి రెండో వరుస చూడు. తప్పు చూపినవారు: రాయమల్లు. పక్కనే కొండీల్లాంటి గుర్తుల మధ్యలో ఓంప్రకాశ్ చిరునామా.

పేరొకటి, చిరునామా ఒకటి ఎందుకుందని అక్కడ ఎవరూ అడగలేదు తాత. ఆ పెద్దాయన 'ధన్యవాదాలు' అని రాసి చేర్చుకున్నాడు.

సిద్ధు అన్న హైదరాబాద్ నుంచి మెసేజ్ పెట్టాడు, వాళ్ల దగ్గర ఖాళీ ఉందని. ఆలోచిస్తున్నాను. ఫోన్ల దగ్గర ఇంకా కొందరు రైతులకు జవాబు చెప్పాల్సి ఉంది.

స్పందన


బెల్లంపల్లి
జూన్ 28

చి. స్పందనకు,

పేజీ అందింది. కళ్లద్దాలు తుడుచుకుని చూశాను, తుడవకుండా కూడా చూశాను. రెండు పేర్లూ ఒకే వరుసలో ఉన్నాయి.

సుల్తానాబాద్ పోయి మీ నాయనమ్మకు చూపించాను. చదువు రాదు గదా, నా పేరు ఎక్కడుందని వేలు పెట్టమంది. పెట్టాను. పక్కన ఉన్నది ఎవరని అడిగింది. అది కూడా నేనే అన్నాను. "మంచిగనే రాసిండ్రు. మోటరు పెట్టు, నారుమడికి నీళ్లు కావాలె" అంది. ఈసారి కార్డు నన్నే రాయమంది. రెండు పేర్లూ రాశాను. ఒకటి చాలని తెలుసు.

ఇంకొన్ని ప్రతులు తీసి పంపు. గని ఆఫీసు ఫైలులో పెట్టించి నౌకరి అడగడానికి కాదు, ఆ వయసు దాటింది. ఒకటి మీ రాంచందర్ మామకు పంపు, మంచిర్యాల ఆటో స్టాండు చిరునామాకు. ఎందుకు పంపావని అడగడు. ఆటోలో ఎక్కడో ఒకచోట పెట్టుకుంటాడు.

ఒకటి డీలరుకు. ఒకటి లింగమూర్తి బల్ల మీద, ఆయన చాయ్ తాగే వేళకు.

అంజికి మాత్రం వద్దు. కవరు చించడు.

తాత
రాయమల్లు